కొస బరువు చూసి కొనండి: బూమ్ కర్ర ఎంపిక, వాడకం

మా నాన్నగారికి నూజివీడు దగ్గర నాలుగెకరాల మామిడి తోట ఉండేది. వేసవి సెలవుల్లో దోటి పట్టుకుని రసాలు కోయడం నా పని. పొడవాటి వెదురు గెడ, కొసన చిక్కం. గెడ నిలువుగా ఉన్నంతసేపూ ఎంతైనా మోయవచ్చు. పక్క కొమ్మ కోసం కాస్త వాల్చామో, చిక్కంలో ఉన్న రెండు కాయలే రెండు బిందెల్లా లాగేవి. చాలా ఏళ్ల తర్వాత ఒక షూటింగులో మొదటిసారి నా చేతికి బూమ్ కర్ర ఇచ్చినప్పుడు కెమెరా కొత్త, లైట్లు కొత్త, మనుషులు కొత్త. ఆ లాగుడు ఒక్కటే పాత చుట్టం.

బూమ్ అంటే కొసన మైకు బిగించిన పొడవాటి కర్ర. కెమెరా ఫ్రేములో పడకుండా మైకును మాట్లాడేవారి నోటికి వీలైనంత దగ్గరగా చేర్చడమే దాని పని. తెలుగు సినిమాల్లో దశాబ్దాల పాటు డబ్బింగ్‌దే రాజ్యం కావడంతో ఈ పని వృత్తిగా నేర్చినవారు మన దగ్గర తక్కువ. ఇప్పుడు సింక్ సౌండ్‌తో, అంటే షూటింగులోనే మాటలు రికార్డు చేస్తూ, తీసే చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు, డాక్యుమెంటరీలు పెరిగాయి. కెమెరాకు లక్షలు పోసి, బూమ్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక కర్ర చూడండి" అనే నిర్మాతలు మాత్రం తగ్గలేదు. వారికోసం కాదు గాని, ఆ కర్ర పట్టబోయేవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. మైకు నోటికి అడుగు దూరంలో ఉన్నప్పుడు వినిపించిన మాట, రెండడుగుల దూరానికి జరిపితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగడుగులకు జరిపితే మరో 6. మాట తగ్గుతుంది గాని వీధిలో ఆటో మోత, పక్కింటి మోటారు తగ్గవు. మైకు ఎక్కడున్నా అవి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. రికార్డర్‌లో శబ్దం పెంచితే ఆ మోత కూడా పెరుగుతుంది. అందుకే ఖరీదైన మైకును నాలుగడుగుల దూరంలో పెట్టడం కంటే మామూలు మైకును అడుగున్నర దూరంలో పెట్టడం మేలు. కర్ర మీద పెట్టే డబ్బు ఆ రెండున్నర అడుగుల కోసం పెట్టేదే.

ఇప్పుడు రెండో లెక్క. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, భుజం నొప్పి చెప్పింది. మూడు మీటర్ల కర్ర, దాని బరువు 600 గ్రాములు అనుకుందాం. కొసన మైకు, అది వేలాడే రబ్బరు తొట్టి, గాలి ఆపే బుట్ట కలిసి మరో 600 గ్రాములు. మొత్తం కిలో రెండు వందలు. కాయగూరల సంచిలో అయితే లెక్కలోకి రాని బరువు. కానీ మీ వెనక చేయి కర్ర మొదట్లో, ముందు చేయి దానికి 60 సెంటీమీటర్ల ముందు ఉండి కర్రను అడ్డంగా పట్టుకుంటే, ముందు చేతి మీద పడేది నాలుగు కిలోల పైమాటే. పైగా కర్ర ముందుకు పడిపోకుండా వెనక చేయి మూడు కిలోల బలంతో కిందికి నొక్కి పట్టాలి. తక్కెడ సూత్రం, అంతే.

అదే లెక్కలో కొసన 100 గ్రాములు తగ్గిస్తే ముందు చేతి మీద అరకిలో తగ్గుతుంది. కర్ర బరువులో 100 గ్రాములు తగ్గిస్తే తగ్గేది మహా అయితే పావుకిలో. దుకాణంలో అందరూ కర్ర బరువు అడుగుతారు, కొస బరువు ఎవరూ అడగరు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 మైకు సుమారు 165 గ్రాములు. అదే కంపెనీ ఎంకేహెచ్ 50 సుమారు 100. ఇంటి లోపల గాలి లేనప్పుడు పెద్ద బుట్ట తీసేసి పల్చటి స్పాంజి తొడుగు వేస్తే కొస బరువు సగానికి పడిపోతుంది. చేతుల మధ్య దూరం 60 నుంచి 90 సెంటీమీటర్లకు పెంచితే నాలుగు కిలోల పైమాట కాస్తా సుమారు మూడు కిలోలకు వస్తుంది. ఈ చివరి రెండూ పైసా ఖర్చు లేనివి. కాబట్టి కర్ర కొనే ముందు మీ మైకు, తొట్టి, బుట్ట, చిన్న వైరు అన్నీ కలిపి వంటింటి తూకం మీద పెట్టి చూడండి. ఆ అంకెను బట్టి కర్రను ఎంచుకోండి.

పొడవు సంగతి. కూర్చోబెట్టి మాట్లాడించే ఇంటర్వ్యూలకు, చిన్న గదులకు రెండు మీటర్లు, రెండున్నర మీటర్లు చాలు. కథా చిత్రాలకు మూడున్నర మీటర్ల దాకా సాగేది ఉంటే ఎక్కువ సన్నివేశాలు గడిచిపోతాయి. ఐదు మీటర్లవీ దొరుకుతాయి. అవి పెద్ద సెట్లకు, వెడల్పు షాట్లకు, భుజాలు బాగా గట్టిపడినవారికి. "పొడవుది కొంటే పొట్టిగా కూడా వాడుకోవచ్చు కదా" అని అడుగుతారు. వాడుకోవచ్చు, కానీ ఐదు మీటర్ల కర్ర మొదలు లావుగా ఉంటుంది, ముడిచినా బరువు బరువే, రోజంతా ఆ బరువు మోయాల్సింది మీరే. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. చేతులు పైకెత్తితే పిడికిళ్లు ఆరడుగుల పైచిలుకు ఎత్తుకు వస్తాయి. ఆరడుగుల నటుడు నిలబడి మాట్లాడే సన్నివేశంలో కర్రను పొడిగించడం నాకు పరిష్కారం కాదు. కాళ్ల కింద చెక్క పెట్టె వేసుకోవడమే పరిష్కారం. సెట్లో దాన్ని యాపిల్ బాక్స్ అంటారు. సిగ్గుపడకుండా అడిగి తెచ్చుకోండి, ఎక్కే ముందు ఊగుతుందేమో చూసుకోండి.

ముడిచినప్పటి పొడవు కూడా చూడండి. ఒకదానిలో ఒకటి దూరే ఆరు గొట్టాల కర్ర చిన్నగా ముడుచుకుంటుంది, బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు. కానీ గొట్టాలు పెరిగినకొద్దీ అతుకులు పెరుగుతాయి, అతుకు అతుకుకూ ఊగు పెరుగుతుంది. నేను నాలుగు గొట్టాల దగ్గర ఆగిపోయాను.

కర్ర దేనితో చేసిందన్న దాని గురించి ఎక్కువ చెప్పను. అల్యూమినియం చవక, దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది గాని ఒక్కసారిగా విరగదు, కాకపోతే వేలు తగిలినా గిన్నె మోగినట్టు మైకు దాకా మోస్తుంది. మే నెలలో రెంటచింతల ఎండలో పది నిమిషాలు పెట్టి ముట్టుకుంటే పెనంలా కాలుతుంది. కార్బన్ ఫైబర్ తేలిక, గట్టి, ఊగు తక్కువ, ధర బాగా ఎక్కువ. కారు తలుపులో పడి నలిగితే చీలి పేళ్లు లేస్తుంది, ఆ పేళ్లు చేతికి గుచ్చుకుంటాయి. జర్మనీ ఆంబియెంట్, అమెరికా కే-టెక్, ఫ్రాన్స్ వీడీబీ, బ్రిటన్ పానామిక్, ఆస్ట్రేలియా రోడ్ కంపెనీల కర్రలు ఎక్కువగా కనిపిస్తాయి. నేర్చుకునే మొదటి ఏడాది అల్యూమినియంతో గడపడంలో తప్పు లేదు. హైదరాబాద్‌లో కృష్ణానగర్ చుట్టుపక్కల పరికరాలు అద్దెకిచ్చేవారి దగ్గర ఒక్కరోజుకు కార్బన్‌ది తీసుకుని, నిజమైన సన్నివేశంలో పట్టి చూసి, తర్వాత కొనండి.

అద్దెకైనా, కొనడానికైనా దుకాణంలో నేను చేసే పరీక్ష ఇది. కర్రను మొత్తం సాగదీసి, నా మైకు బిగించి, అడ్డంగా పట్టుకుని కొస ఎంత వంగుతుందో చూస్తాను. కొంచెం వంగడం సహజం. చేపల గాలంలా వంగితే వద్దు. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని కర్ర మీద వేళ్లను మెల్లగా పాకిస్తాను, చేయి మారుస్తాను, ఎడమకూ కుడికీ తిప్పుతాను. లోపల ఏదైనా టకటకమంటే అక్కడే వినిపిస్తుంది. తర్వాత గొట్టాలు జారకుండా పట్టి ఉంచే లాక్‌లన్నీ మామూలు బలంతో బిగించి, కర్ర కొసను బూటు మీద ఆనించి పైనుంచి నొక్కుతాను. ఏ గొట్టమైనా లోపలికి జారితే ఆ లాక్ అరిగిపోయినట్టే. చివరగా ఒక గొట్టాన్ని పట్టుకుని పక్కదాన్ని మెలితిప్పుతాను. లాక్ బిగించి ఉన్నా గొట్టం గిర్రున తిరిగితే, షాట్ మధ్యలో మైకు మొహం తిప్పుకుంటుంది. దుకాణదారుడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

లాక్‌ల మీద నాకు ఇంత పట్టింపు ఎందుకంటే ఒకసారి పరువు పోయింది. ఒక చిన్న సినిమా, పాత పెంకుటిల్లు. ఒక పెద్దావిడ మనవడికి గోరుముద్దలు తినిపిస్తూ కథ చెప్పే సన్నివేశం. నాలుగో టేక్, అందరికీ నచ్చేలా సాగుతోంది. కర్ర కాస్త ముందుకు వాలి ఉంది. కొస నుంచి రెండో లాక్ నేను సరిగా బిగించలేదు. ఆ గొట్టం శబ్దం లేకుండా, బావిలోకి చేద దిగినట్టు, అంగుళం అంగుళం జారడం మొదలుపెట్టింది. నాకు కనిపిస్తోంది, చేతులు పైన ఉన్నాయి, ఏమీ చేయలేను. మైకు వెళ్లి సరిగ్గా ఆవకాయ అన్నం పళ్లెం మీద ఆగింది. ఆవిడ కథ ఆపి, నా వైపు చూసి, "మైకుకు కూడా ఒక ముద్ద పెట్టమంటావా అమ్మా?" అన్నారు. సెట్ అంతా నవ్వింది. స్పాంజి తొడుగుకు అంటిన ఆవకాయ నూనె మాత్రం రెండు ఉతుకులకు పోయింది. ఆ రోజు నుంచి కర్ర ఎత్తే ముందు మొదటి నుంచి కొస దాకా ప్రతి లాక్‌నూ ఒకసారి తడిమి చూడకుండా ఎత్తను.

సాగదీయడంలో ఒక క్రమం ఉంది. లావు గొట్టాలను ముందు బయటికి తీయండి, సన్నవి అవసరమైతేనే. సన్న గొట్టాలే ఎక్కువ ఊగుతాయి. ఏ గొట్టాన్నీ పూర్తిగా చివరి దాకా లాగకండి. అరచేయి వెడల్పు లోపలే వదిలేయండి. అతుకు దగ్గర గొట్టంలో గొట్టం ఎంత ఎక్కువగా కలిసి ఉంటే కర్ర అంత గట్టిగా ఉంటుంది, లాక్ కూడా ఎక్కువ కాలం మన్నుతుంది.

వైరు విషయంలో రెండు తెగలు ఉన్నాయి. కర్ర లోపలే స్ప్రింగులా చుట్టిన వైరు ఉన్నది ఒకటి; సాగదీస్తే సాగుతుంది, ముడిస్తే ముడుచుకుంటుంది, పని చకచకా అవుతుంది. వేగంగా తిప్పినప్పుడు ఆ చుట్టలు గొట్టం గోడలకు కొట్టుకోవడం దాని జబ్బు. బయటి నుంచి వైరు చుట్టుకునేది రెండోది. నిశ్శబ్దం ఎక్కువ, కానీ పొడవు మార్చిన ప్రతిసారీ చుట్టు మార్చాలి, వదులుగా ఉంటే కర్రకు టపటపమని తగులుతుంది. డాక్యుమెంటరీకి మొదటిది, నిదానంగా జరిగే కథా చిత్రానికి రెండోది అని నా అలవాటు. లోపలి వైరు ఉన్నది కొంటే ప్లగ్ కర్ర అడుగు నుంచి కాక పక్క నుంచి బయటికి వచ్చేలా చూసుకోండి. లేకపోతే విరామంలో కర్రను నేల మీద నిలబెట్టిన ప్రతిసారీ ప్లగ్ మీద నిలబెట్టినట్టే.

ఇక మైకు నుంచి కర్ర దాకా వచ్చే జానెడు వైరు. ఇది చాలామంది పట్టించుకోని చోటు. మైకును రబ్బరు తొట్టిలో వేలాడదీసేది కర్ర అదురు మైకుకు చేరకూడదని. ఆ జానెడు వైరు లావుగా, బిగుతుగా ఉంటే అదురు ఆ దారిన హాయిగా మైకుకు చేరుతుంది. సన్నటి, మెత్తటి వైరు వాడి, చిన్న వంపు వదులుగా ఉంచి కర్రకు కట్టండి. నాకు రెండు నెలలు అంతుపట్టని గుడుగుడు శబ్దం ఈ ఒక్క వైరు మార్చగానే పోయింది.

ఇప్పుడు పట్టడం. కాళ్లు భుజాల వెడల్పున, ఒక పాదం కాస్త ముందుకు, మోకాళ్లు బిర్రబిగుసుకోకుండా. చేతులు రెండూ తలకు ఇరువైపులా నిటారుగా పైకి. ఎదురుగా చూస్తే ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉంటారు. మోచేతులు మడిస్తే బరువు కండలు మోస్తాయి, చాపితే ఎముకలు మోస్తాయి. కండ రెండు నిమిషాల్లో వణుకుతుంది, ఎముక వణకదు. కొత్తవారు కర్ర మొదలును నడుముకు ఆనించి జెండా కర్రలా ఏటవాలుగా పైకి ఎత్తుతారు. చూడటానికి సుఖంగా ఉంటుంది. కానీ కర్ర ఫ్రేముకు ఐమూలగా అడ్డం వస్తుంది, మైకు పైకప్పు వైపు చూస్తుంది, ఫ్యాను రెక్కకు తగిలే ప్రమాదం ఒకటి.

ముందు చేయి మోస్తుంది, వెనక చేయి నడుపుతుంది. ముందు అరచేతిలో కర్ర ఊయలలో బిడ్డలా ఆని ఉండాలి, పిడికిలి బిగించకూడదు. మైకును ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి తిప్పాలంటే భుజాలు కదపనక్కర లేదు; వెనక చేతి మణికట్టు మెలితిప్పితే కర్ర తన ఇరుసు మీద తాను తిరుగుతుంది, కొసన మైకు మొహం మారుతుంది. ముందు చేతిలో కర్ర జారాలి గాని చర్మం రాసుకోకూడదు. చెమట పట్టే చేతులైతే పల్చటి నూలు గ్లౌజులు వేసుకోండి. ఉంగరాలు, వాచీ, గాజులు అన్నీ సంచిలోకి. మొదట్లో మా అమ్మ బోసి చేతులని బాధపడేది; ఇప్పుడు నేను షూటింగుకు బయలుదేరుతుంటే తనే గాజుల డబ్బా తెచ్చి ఇస్తుంది. కాలి పట్టీలు, కిర్రుమనే చెప్పులు, గరగరలాడే బట్ట కూడా వద్దు. కడుపు ఖాళీగా ఉంటే అది కూడా మైకులో పడుతుంది, టిఫిన్ మానేయకండి.

మైకు ఎక్కడ ఉండాలి? నడినెత్తి మీద కాదు. నుదుటికి ముందుగా, అడుగున్నర పైన, గడ్డం వైపు చూస్తూ ఉండాలి. మాట నోటి నుంచి ముందుకు వస్తుంది, మాడు నుంచి పైకి రాదు. మైకు వెనక్కి జరిగి మాడు మీదికి వస్తే సకారాలు, తకారాలు మొద్దుబారి దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఆ తేడా కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. కాబట్టి బూమ్ పట్టేవారికి హెడ్‌ఫోన్ ఉండాల్సిందే. "సౌండ్ ఆయన వింటున్నాడు కదా, నీకెందుకు" అంటే ఒప్పుకోకండి.

ఫ్రేము పై అంచు ఎక్కడో కనుక్కోవడం రిహార్సల్‌లోనే జరగాలి. కెమెరా దగ్గర ఉన్నవారికి చెప్పి, మైకును పైనుంచి మెల్లగా దించుతాను. కనిపించగానే వారు "మైకు" అంటారు. అక్కడి నుంచి బెత్తెడు పైకి లేపుతాను. నా చోటు నుంచి చూస్తే మైకు కొస వెనక గోడ మీద దేనితో ఒక వరుసలోకి వచ్చిందో, కేలండర్ మేకో, కిటికీ గొళ్లెమో, గుర్తు పెట్టుకుంటాను. టేక్ జరుగుతున్నంతసేపూ ఆ మేకు దాటి కిందికి దిగను. లెన్సు మార్చినా, నేను చోటు మారినా ఆ గుర్తు చెల్లదు, మళ్లీ అడగాల్సిందే. పదిసార్లు అడిగితే విసుక్కుంటారు, ఒకసారి మైకు ఫ్రేములో పడితే అరుస్తారు. విసుగే నయం.

నీడ కోసం లైట్లు చూడండి. ముఖ్యమైన లైటు ఏ పక్క ఉందో దానికి ఎదురు పక్కన నిలబడితే కర్ర నీడ సాధారణంగా ఫ్రేము బయటికి పోతుంది. లైట్‌మెన్‌తో స్నేహం చేసుకోండి. ఒక చిన్న నల్ల గుడ్డ అడ్డం కట్టి వారు తీర్చే నీడను మీరు గంటసేపు కర్రతో కుస్తీ పట్టినా తీర్చలేరు.

మన ఇళ్లలో నీడ కంటే ప్రతిబింబంతోనే ఎక్కువ బాధ. హాల్లో దండ వేసిన తాతగారి ఫోటో అద్దం, బీరువా తలుపు అద్దం, షోకేసు గాజు, ఆపేసిన టీవీ, తోమిన ఇత్తడి బిందె. వీటిలో ఏదో ఒకదానిలో నల్లటి కర్ర కొస తప్పకుండా తొంగి చూస్తుంది. ఫోటో చట్రం వెనక పై అంచున ఒక అగ్గిపెట్టె దోపితే అద్దం కాస్త కిందికి వాలి ప్రతిబింబం తప్పుకుంటుంది. దేవుడి పటాలనూ పెద్దల ఫోటోలనూ ఇంటివారిని అడగకుండా ముట్టుకోకండి. అడిగితే వారే వచ్చి దోపి పెడతారు.

గది సంగతి కూడా మైకును, కర్రను నిర్ణయిస్తుంది. గదిలోకి వెళ్లగానే ఒక చప్పట కొట్టండి. టైల్స్ నేల, సిమెంటు కప్పు, ఖాళీ గోడలు అయితే చప్పట టంగుమని తిరిగి వస్తుంది. అలాంటి చోట ముందు సన్నటి గొట్టం ఉండే పొడవాటి షాట్‌గన్ మైకు బావిలో మాట్లాడినట్టు చేస్తుంది, ఎందుకంటే దాని గొట్టం పక్కల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనిని శుభ్రంగా తొలగించలేదు, రంగు మార్చి లోపలికి పంపుతుంది. సూపర్‌కార్డియాయిడ్ అనే, ముందు వైపు మాటనే ఎక్కువగా పట్టే పొట్టి మైకు అక్కడ మేలు, పైగా కొస బరువు తగ్గుతుంది. నేల మీద ఫ్రేములో పడని చోట బొంతలు, పాత దుప్పట్లు పరవండి. ఫ్యాను ఆపించండి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ వేయడం మరిచిపోతారు, ఇంటివారి పాలు విరిగిపోతాయి. అందరూ కదలకుండా ఉండగా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయడం మరవకండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు నింపడానికి కావాలి. ఆ నిమిషంలోనే దోమ మీ ముంజేతి మీద వాలుతుంది. కొట్టకూడదు.

ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో డైలాగులు కంఠతా రావాలి. వచ్చినా నటులు వాటి ప్రకారమే మాట్లాడరు. నేను నోరు చూడను, ఊపిరి వింటాను. ఎవరైనా మాట మొదలుపెట్టే ముందు చిన్నగా గాలి పీలుస్తారు, భుజాలు వెంట్రుకవాసి లేస్తాయి. ఆ పీల్పు వినపడగానే మణికట్టు తిప్పితే మాట వచ్చేసరికి మైకు అక్కడ ఉంటుంది. మాట విన్నాక తిప్పితే మొదటి అక్షరం పోయినట్టే. తిప్పడం వేగంగా కాదు, గాలిని కోస్తే ఇంట్లో కూడా బుస్సుమంటుంది. బయట అయితే బొచ్చు తొడుగు లేకుండా కర్ర ఎత్తకండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది, అల్యూమినియంలో సరేసరి. మన ఊళ్లలో పొలాల మీదుగా 11 కేవీ తీగలు వేలాడుతూ వెళ్తాయి, వీధుల్లో సర్వీసు వైర్లు మేడ మీద చేతికందే ఎత్తులో ఉంటాయి. పంట గట్టు మీద నడుస్తూ తీసే షాట్‌లో మీ కళ్లు నటుల మీద ఉంటాయి, కర్ర కొస ఎక్కడుందో తెలియదు. ఒకసారి మేడ మీద షాట్ కోసం కర్ర సాగదీస్తుంటే వయసులో పెద్దాయన, లైట్‌మన్, నా చేయి పట్టుకుని "అమ్మా, పైన చూడు" అన్నారు. తీగ మూరెడు దూరంలో ఉంది. అప్పటి నుంచి ఆరుబయట కర్ర సాగదీయడానికి ముందు తలెత్తి ఒక చుట్టు చూస్తాను. తీగలుంటే కాలర్ మైకులతో కానిచ్చేయమంటాను. ఉరుము వినిపిస్తే ముడిచేస్తాను, దర్శకుడు ఏమన్నా సరే.

సాధన ఇంట్లోనే చేయవచ్చు. గోడలకు రంగు వేసేవారు వాడే సాగే కర్ర ఒకటి కొనండి. కొసన అరలీటరు నీళ్ల సీసా కట్టండి, దాని పక్కన ఒక చిన్న మువ్వ. చేతులు పైకెత్తి నిలబడి, మువ్వ మోగకుండా హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. తర్వాత టీవీలో సీరియల్ పెట్టి, ఎవరు మాట్లాడితే వారి వైపు సీసా తిప్పండి, మువ్వ మోగకుండా. మొదటి రోజు నిమిషం కూడా నిలవలేరు. నెల తిరిగేసరికి ఐదు నిమిషాలు నిలవగలుగుతారు. భుజం కీలులో నొప్పి పుడితే ఆపండి. కండ నొప్పి వేరు, కీలు నొప్పి వేరు. టేక్‌కు టేక్‌కు మధ్య కర్ర దించడం నామోషీ కాదు. దించే ముందు పక్కన ఎవరూ లేరని చూసుకోండి.

పని అయ్యాక తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. ముడిచే ముందు తుడవాలి, ముడిచాక కాదు. దుమ్ముతో ముడిస్తే ఆ దుమ్మంతా గొట్టాల్లోకి చేరి ఇసుక కాగితంలా గీకుతుంది. సూర్యలంక తీరంలో రెండు రోజులు పనిచేసి వచ్చాక ప్రతి అతుకులోనూ ఇసుక కరకరలాడింది. లోపలి వైరు తీసేసి, గొట్టాలన్నీ విడదీసి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఒక రాత్రి ఆరబెట్టాల్సి వచ్చింది. విడదీసేటప్పుడు ఏ లాక్ ఏ గొట్టానిదో వరుసగా ఫోనుతో ఫోటో తీసుకోండి. లాక్‌లకు నూనె మాత్రం పెట్టకండి. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె, డబ్ల్యూడీ-40 ఏదైనా సరే. పట్టి ఉంచాల్సిన చోట జారుడు పెడితే లాక్ నిలవదు, పైగా దుమ్ము అంటుకుంటుంది. ముడిచిన కర్రకు లాక్‌లను గట్టిగా బిగించి దాచకండి, జారిపోకుండా ఉండేంత బిగింపు చాలు. ప్లాస్టిక్ నీటి పైపు ముక్కకు రెండు పక్కలా మూత వేయించుకుంటే ప్రయాణానికి చక్కటి ఒర అవుతుంది. నాదాని మీద "మైకు కర్ర, తుపాకీ కాదు" అని తెలుగులో రాసి అంటించాను. బస్టాండ్లలో చాలా ప్రశ్నలు తగ్గాయి.